నీడ చెట్లు కొట్టేశాక కాఫీ తోటకి కాండం తొలిచే పురుగు. ఏ చెట్లు నాటమంటారు?

నమస్కారమండీ. మేం విశాఖ మధురవాడలో ఉంటాం. అరకు దగ్గర మా మామయ్యగారికి రెండెకరాల అరబికా కాఫీ తోట ఉంది. మూడేళ్ల కిందట డబ్బు అవసరమై సిల్వర్ ఓక్ చెట్లు సగానికి పైగా కొట్టి అమ్మేశారు. ఇప్పుడు ఎండ నేరుగా పడే వరుసల్లోనే ఆకులు పసుపెక్కి వాడిపోతున్నాయి. మొన్న ఒక మొక్క కాండం చీల్చి చూస్తే లోపలంతా సొరంగాలు, వాటిలో గట్టిగా కూరినట్టు పొడి, చివర తెల్లటి పురుగు. ఆయన ముఖం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

తల్లి పురుగు ఎండ తగిలే కాండం మీద, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుందని, నీడ తగ్గితే ఉధృతి పెరుగుతుందని తెలుసుకున్నాం. పట్టిన మొక్కలు పీకి కాల్చేశాం. మిగతావాటి బెరడు గోనెపట్టాతో రుద్దాం.

మళ్లీ అన్నీ సిల్వర్ ఓక్ చెట్లే వెయ్యాలా, పనస, నేరేడు కలపాలా? అవి ఎదిగేదాకా అరటి నీడ సరిపోతుందా? పక్కన అడవి అంచున పొదలన్నీ నరికెయ్యమని కొందరంటున్నారు. పురుగుల్ని చంపే చిన్న కందిరీగలు, చీమలు, పిట్టలు ఉండేది అక్కడే కదా, అదే నా టెన్షన్. సొంత తోటలో చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. వానలు మొదలయ్యేలోపు మొక్కలు తెచ్చుకోవాలి.