గ్రీకులు సార్డీనియాను ఎందుకు వదిలేశారు?

చిక్కడపల్లి పాఠకుడు: పోటీ పరీక్షల కోసం ప్రాచీన చరిత్ర చదువుతున్నాను. సిసిలీలో సిరక్యూజ్ వంటి గ్రీకు నగరాలు వెలిశాయని ప్రతి పుస్తకంలోనూ ఉంది గానీ, వైశాల్యంలో దానికి దాదాపు సమానమైన, ఇటలీకి పశ్చిమాన ఉన్న సార్డీనియా దీవి ఊసే కనిపించడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

తార్నాక లెక్చరర్: పూర్తిగా వదిలేయలేదండీ. క్రీ.పూ. 13వ శతాబ్దం నాటి మైసీనియన్ (కంచు యుగపు గ్రీకు) కుండపెంకులు దక్షిణ తీరంలోని ఆంతిగోరి నురాగేలో దొరికాయి. నురాగే అంటే పెద్ద రాళ్ళను సున్నం లేకుండా పేర్చి కట్టిన బురుజు. సార్డీనియా పాత్రలు కూడా క్రీట్ దక్షిణ తీరంలోని కొమ్మోస్ రేవులో బయటపడ్డాయి కాబట్టి రాకపోకలు రెండు వైపులా సాగాయి.

మలక్‌పేట విద్యార్థిని: మరి వలసల సంగతేమిటి సార్?

తార్నాక లెక్చరర్: క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఆల్గేరో దగ్గరి సాంత్ ఇంబెనియాకు గ్రీకు దీవి యూబియా పాత్రలు చేరాయి. అయితే దక్షిణ తీరపు రేవుల్లో ఫినీషియన్లు (నేటి లెబనాన్ తీరం నుంచి వచ్చిన వర్తకులు) పాతుకుపోయారు, అసలు చిక్కు అదేనని నా అభిప్రాయం. పర్షియన్ల చేతిలో ఓడిన అయోనియన్లకు (నేటి టర్కీ పశ్చిమ తీరపు గ్రీకులకు), అందరూ కలిసి సార్డీనియాకు తరలిపోయి ఒకే నగరం కట్టుకోమని ప్రియేనీ నగరానికి చెందిన జ్ఞాని బయాస్ సలహా ఇచ్చాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు, ఎవరూ వినలేదు. (ఆ దీవే అన్నిటికన్నా పెద్దదని ఆయన నమ్మకం!)

సైనిక్‌పురి విశ్రాంత ఉద్యోగి: అలాలియా యుద్ధాన్ని మరువకూడదు. క్రీ.పూ. 540 ప్రాంతంలో సార్డీనియాకు ఉత్తరానున్న కోర్సికా దీవి దగ్గర ఎట్రస్కన్ (ఇటలీ), కార్తేజ్ (ఉత్తర ఆఫ్రికాలోని ఫినీషియన్ నగరం) నౌకలను ఎదుర్కొన్న, ఆ దీవిలో స్థిరపడిన ఫోకయా గ్రీకులు, గెలిచామన్న పేరే గానీ, 60 ఓడల్లో 40 పోగొట్టుకున్నారు. మిగిలిన 20 ఓడల ముందరి పోటుకొమ్ములు వంగిపోయి యుద్ధానికి పనికిరాకుండా పోయాయి. వారు కోర్సికానే విడిచి వెళ్ళాక సార్డీనియా వైపు కార్తేజ్‌కు ఎదురే లేకపోయింది.