‘పాసో పోర్ ఆకీ’: పోయెనా, చనెనా?

శిలాలోలుడు: న్యూమెక్సికోలో ఎల్ మోరో గుట్టకి చెక్కిన వాక్యం వారంగా బుర్రలో తిరుగుతోంది. స్పానిష్‌లో ‘పాసో పోర్ ఆకీ...’, ఆపైన స్పెయిన్ దండనాయకుడు ఓన్యాతే పేరు, 1605 ఏప్రిల్ 16. దీన్నెవరో ‘ఇటుగా పోయెను’ అని తెలుగు చేయగా చదివాను, ఎక్కడో గుర్తు లేదు. ‘పోయెను’ అంటే మనిషే పోయినట్టు లేదూ?

కరీంనగర్ పిల్ల: మీ గుంటూరోళ్లకే ఆ అనుమానం. మా దగ్గర బజారుకు పోయిండంటే బజారుకే పోయిండు.

అరసున్న: ‘చనె’ వేయండి.

కరీంనగర్ పిల్ల: చనిపోయిన వాసన దాంట్లో ఇంకా ఎక్కువ సార్.

అరసున్న: తిక్కన్నగారిని చదివినవారికి రాదు ఆ వాసన. పోనీ, ‘అరిగె’. అసలు పేచీ ‘పాసో’లో ఉంది. చివరి అక్షరం ఊనితే ‘వెళ్లాడు’, మొదటిది ఊనితే ‘వెళ్తున్నాను’. రాతి మీద ఊనిక గుర్తు లేదు మరి.

తాళపత్రం: వెంటనే ‘అదెలంతాదో దోన్ హువాన్ దె ఓన్యాతే’ అని కర్త కూర్చునుంటే ‘నేను’ ఎక్కణ్నుంచి వచ్చింది? బిరుదు ముందు, పేరు వెనక. మన శాసనాల తీరే.

అరసున్న: దానశాసనం కాదండీ, దక్షిణ సముద్రం (అంటే పసిఫిక్) కనుక్కున్నానని తిరుగుదారిలో కొట్టుకున్న సొంత డప్పు. ‘నేను, ఫలానా’ అని ఉండకూడదా?

మట్టిపెళ్ల: కర్త కోసం కొట్టుకుంటున్నారు, ‘ఆకీ’ ఎవరికీ పట్టలేదు. ‘ఇక్కడ’ అంటే ఎక్కడ? ఆయన బృందం ఆగింది గుట్ట కింది మడుగు దగ్గర. గుట్ట నెత్తిన అత్సిన్నా ఉంది. సుమారు 1275లో కట్టుకున్న ఊరు, 875 దాకా గదులు. 1950లలో తవ్వింది కొంత భాగమే. ఓన్యాతే వచ్చేనాటికి ఖాళీ అయి రెండున్నర శతాబ్దాలు. ఆ రాతి మీదే అక్కడి జూని తెగ పూర్వీకులు చెక్కిన కొండగొర్రెలున్నాయి. జూని భాషలో అత్సిన్నా అంటేనే రాతి మీద రాతలున్న చోటు. ఆ గోడ మీద ఈయన రాత చాలా ఆలస్యంగా వచ్చింది.

తాళపత్రం: అవును. అన్నట్టు ఓన్యాతే దళంలోని విల్యాగ్రాని ఎవరైనా చదివారా? అకోమా అనే మూలవాసుల ఊరి మీద 1599లో జరిగిన యుద్ధంలో తానే పోరాడి, 1610లో 34 సర్గల కావ్యం అచ్చేశాడు. ఎత్తుగడ రోమన్ కవి వర్జిల్‌ది. పంక్తికి 11 అక్షరాలు, ప్రాస లేదు. అగాధం మీంచి దూకానని తన గురించి తానే రాసుకున్న ఘట్టం నాకు మహా ఇష్టం.

మట్టిపెళ్ల: చరిత్రకారులు దాన్ని ఆధారంగా వాడతారు. కానీ అకోమాలో ఇప్పటికీ మనుషులున్నారండీ. దూకిన సంగతి కాదు, ఆ రోజు తమవాళ్లకేమైందో వాళ్లు చెప్తారు.

శిలాలోలుడు: ఇంతకీ ‘పోయెను’ ఉంచనా, తీసేయనా?

అరసున్న: ముందు ఆ 11 అక్షరాలు ఎలా లెక్కపెట్టారో చెప్పమనండి తాళపత్రంగారిని. పక్కపక్క అచ్చులు కలిపా, విడదీసా?