అప్‌డేట్: గోడకి ఆనుకుని ఉన్న పైపు కొలత దొరికింది

గోడకీ పైపుకీ మధ్య వేలు కూడా దూరట్లేదు, క్యాలిపర్ పట్టదు, క్లాంప్-ఆన్ ఫ్లో మీటర్‌కి (పైపు కోయకుండా బయటి నుంచే బిగించి లోపలి ప్రవాహాన్ని కొలిచేది) పైపు బయటి వ్యాసం కావాలి, ఎలా అని అడిగాను కదా. చుట్టుకొలత తీసి 3.1416తో భాగించమన్న సలహా పనిచేసింది. అందరికీ థాంక్స్.

స్టీల్ టేపు వెనక్కి వెళ్లలేదు. ప్యాకింగ్ స్ట్రాప్ ముక్కని సన్నటి తీగ కొక్కెంతో అవతలి నుంచి లాగాను. బిగించి, రెండు పొరలూ కలిసిన చోట బ్లేడుతో గాటు పెట్టి, విప్పి బల్ల మీద కొలిస్తే 529 మి.మీ. అంటే వ్యాసం 168.4. ఆరంగుళాల పైపు అని పిలిచేదాని ప్రామాణిక బయటి వ్యాసం 168.3, కాబట్టి అనుమానం లేదు. చుట్టుకొలతలో 1 మి.మీ. తేడా వచ్చినా వ్యాసంలో 0.3 మాత్రమే పడుతుంది, ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. స్ట్రాప్ మాత్రం ఏటవాలుగా ఉండకూడదు, వెల్డింగ్ మీద పడకూడదు.

పైపు లోహం మందం కూడా మీటర్‌లో ఇవ్వాలి, అది అల్ట్రాసోనిక్ గేజ్‌తో చూశాం. పెయింట్ గీకి, జెల్ రాస్తే 6.8 మి.మీ. వచ్చింది. షెడ్యూల్ 40కి (పైపు మందాన్ని బట్టి ఇచ్చే ప్రామాణిక తరగతి) 7.11 ఉండాలి, కానీ తయారీలోనే 12.5 శాతం వరకు తగ్గుదల ఒప్పుకుంటారు. మీటర్‌లో మాత్రం కొలిచిన 6.8నే ఎంటర్ చేశాం. రీడింగ్ నిలకడగా వస్తోంది.