ఐరోపాలో కదిలింది సరిహద్దులా, మనుషులా?

పాతపటం:
1919లో ఐరోపా సామ్రాజ్యాలను చీల్చి జాతులను బట్టి గీతలు గీయబోయారు. ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల మిగిలిపోయారు. 1945లో గీతను జరిపి, దానికి తగ్గట్టు మనుషులను తరలించారు. పోలండ్ తూర్పున ల్వీవ్‌ను సోవియట్ యూనియన్‌కు వదులుకొని, పడమట ఓడర్, నైస్సే నదుల వరకు జర్మన్ భూభాగాన్ని పొందింది. బ్రెస్లావ్ నగరం వ్రొత్స్వాఫ్ అయింది. అక్కడి జర్మన్ల ఇళ్లలో తూర్పు నుంచి వచ్చిన పోలిష్ కుటుంబాలు దిగాయి. ఆ సరిహద్దు కోసం మళ్లీ యుద్ధం రాకపోవడానికి ఈ తరలింపే కారణమని నా వాదన.

నిలకడ:
ముందు ‘తరలింపు’ అన్న మాటను వెనక్కి తీసుకోండి. మధ్య, తూర్పు ఐరోపాల నుంచి సుమారు 1.2 కోట్ల మంది జర్మన్లను వెళ్లగొట్టారు.

పాతపటం:
ఆ 1.2 కోట్లలో, 1945లో యుద్ధ విజేతలు జరిపిన పోట్స్‌డామ్ సమావేశానికి నెలల ముందే సోవియట్ ఎర్రసైన్యానికి భయపడి పారిపోయినవారూ ఉన్నారు. వారిని వెళ్లగొట్టినవారి లెక్కలో కలపకూడదు.

నిలకడ:
పారిపోయినవారిని తిరిగి ఇంటికి రానివ్వకపోవడాన్ని ఏమనాలి? ఒకప్పుడు చరిత్ర పరీక్షలో నేను ‘బహిష్కరణ’ అని రాస్తే, ఒప్పందంలో ‘తరలింపు’ అని ఉందంటూ మార్కులు కోసేశారు. తరలింపు క్రమబద్ధంగా, మానవీయంగా జరగాలని పోట్స్‌డామ్‌లో రాసుకున్నారు. కాగితం మీది మాటనే మీరూ పట్టుకున్నారు.

తెరచాప:
మార్కుల సంగతి తరువాత చూద్దాము. 1923 నాటి లాసాన్ ఒడంబడికలో గ్రీసు, తుర్కియేలు జనాన్ని మార్చుకున్నప్పుడు చూసింది మతాన్నే, భాషను కాదు. తుర్కీ తప్ప వేరే మాట రాని ఆర్థొడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లింలు తుర్కియేకు వెళ్లవలసి వచ్చింది. ‘ఎవరి జనం ఎవరు’ అన్నది ఎవరు తేల్చారు?

పాతపటం:
అన్యాయం జరగలేదని నేను ఎక్కడా అనలేదు. ఫలితం గురించి చెబితే నన్ను నేరస్థుణ్ణి చేస్తున్నారు!

నిలకడ:
చేయడం లేదు, అడుగుతున్నాను. వేర్వేరు జనాలు ఒకే గీత లోపల బతకలేరనే కదా మీరు నమ్ముతున్నది? అది సూటిగా చెప్పండి, 1.2 కోట్ల లెక్క వదిలేద్దాము.

పాతపటం:
సరే, సూటిగానే చెబుతున్నాను: ఇరువైపులా సైన్యాలు ఉన్నంత కాలం బతకలేరు. యుద్ధానికి ముందు పోలండ్ జనాభాలో మూడో వంతు మైనారిటీలే. వారి పేరు చెప్పుకొనే ఇరుగుపొరుగు ఆ దేశంలో చేయి పెట్టింది.

నిలకడ:
ఆ మూడో వంతులో ముప్పై లక్షలకు పైగా యూదులు ఉన్నారు. వారి కోసం ఏ పొరుగు దేశమూ చేయి పెట్టలేదు, వారిలో అత్యధికులను నాజీలు చంపేశారు. దానిని కూడా మీరు శాంతికి కారణాల్లో చేరుస్తారా? జనాన్ని ఖాళీ చేయించాక కూడా పశ్చిమ జర్మనీ ఆ సరిహద్దును 1970 దాకా అంగీకరించలేదు; ఏకీకృత జర్మనీ 1990లో ఒప్పందంతో ఖాయం చేసింది. ఇక దక్షిణ టిరోల్ చూడండి: మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి దక్కిన ఆ ప్రాంతంలో జర్మన్ మాట్లాడేవారు ఇప్పటికీ ఉన్నారు. 1946లో ఇటలీ, ఆస్ట్రియాల ఒప్పందం, 1972లో స్వయంప్రతిపత్తి శాసనం, 1992లో ఆస్ట్రియాతో వివాద పరిష్కారం జరిగాయి; గీత మాత్రం కదలలేదు.

పాతపటం:
అక్కడ కూడా 1939లో హిట్లర్, ముస్సోలినీల ఒప్పందం ప్రకారం సుమారు 75 వేల మంది వెళ్లిపోయారు.

నిలకడ:
వారిలో వేలమంది యుద్ధం తరువాత తిరిగి వచ్చారు. రానిచ్చారు కాబట్టి.