చెక్‌లిస్ట్ యాప్ మీద ఆపరేటర్లు చెప్పేదానికి ఎలా జవాబివ్వాలి?

అందరికీ నమస్కారం. ప్లాంట్లలో ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్ చెక్‌లిస్టులు ఫోన్‌లో నింపే యాప్ చేస్తాం మేము. యూజర్ల ఫీడ్‌బ్యాక్‌కి బదులివ్వడం నా పని.

ఎండలో స్క్రీన్ కనబడట్లేదు, గ్లవ్స్‌తో బటన్ పడట్లేదు లాంటివి వస్తే సరిచేసేస్తాం. చిక్కంతా పంపుల చెక్‌లిస్ట్‌తోనే. అందులో వైబ్రేషన్ రీడింగ్ తప్పనిసరి. స్టాండ్‌బై పంపు (అవసరమైతే నడపడానికి ఉంచే అదనపు పంపు) ఆగి ఉన్నా సరే, అంకె వేయకపోతే ఫారం సబ్మిట్ కాదు. ఒక ఆపరేటర్ ఇలా రాశారు: "ఆగిన పంపుకి వైబ్రేషన్ ఎక్కణ్నుంచి తేవాలి సార్? నిన్నటి అంకే కొడుతున్నాం."

'వర్తించదు' అనే ఆప్షన్ ఇద్దామంటే అక్కడి సేఫ్టీ మేనేజర్ ఒప్పుకోవట్లేదు. నైట్ షిఫ్ట్‌లో అన్నిటికీ అదే నొక్కేస్తారని ఆయన భయం. అందులోనూ న్యాయముంది. కానీ ఉత్తుత్తి అంకె కన్నా ఖాళీ గడే నయమని నా నమ్మకం. వైబ్రేషన్ అంకెలు రోజురోజుకీ ఎలా మారుతున్నాయో చూసే కదా పంపు బేరింగ్ పాడవుతోందని ముందుగా పట్టుకునేది!

"పంపు నడుస్తోందా, ఆగి ఉందా?" అని ముందే అడిగి, ఆగి ఉంటే రీడింగ్ బదులు ఫొటో తీయమందామా అనుకున్నాం. అయితే మంటంటుకునే సాల్వెంట్ ఆవిర్లు ఉండే చోట మామూలు ఫోన్ బయటికి తీయకూడదు, అలాంటి చోట వాడదగ్గ సర్టిఫైడ్ ఫోన్లు అందరి దగ్గరా లేవు.

మెయింటెనెన్స్‌లో, సేఫ్టీలో ఉన్నవాళ్లు చెప్పండి, మీ దగ్గర దీన్నెలా నడుపుతున్నారు? ఇంకోటి, ఉన్న మాట చెప్పిన ఆ ఆపరేటర్‌కి ఇబ్బంది రాకుండా ఈ విషయం మేనేజ్‌మెంట్‌ ముందు ఎలా పెట్టాలి?