అరమండిలో మోకాలి నొప్పి: ఒళ్ళు కాపాడుకుంటూ భావం పలికించడం ఎలా?

ప్రశ్న:
నమస్కారమండీ. నాకు 36 ఏళ్ళు, ఐదేళ్ళుగా హైదరాబాదులో కూచిపూడి నేర్చుకుంటున్నాను. అరమండిలో (మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) మూడో కాలం, అంటే అన్నిటికన్నా వేగమైన జతులు (అడుగుల వరుసలు) వేసినప్పుడల్లా కుడి మోకాలి లోపలి వైపు నొప్పి వస్తోంది. తరగతిలో ఇంకా కిందికి కూర్చోమంటారు కనుక పాదాలను వీలైనంత పక్కకు తిప్పి కూర్చుంటున్నాను. నొప్పికి భయపడి మెల్లగా వేస్తే, భామాకలాపం నాటకంలో సత్యభామ రంగం మీదికి వచ్చే పాట, అంటే ప్రవేశ దరువులో ఆమె గర్వం కనిపించడం లేదు. రెండూ కుదిరే దారి ఉందా?

జవాబు (నాట్య శిక్షకురాలు):
పాదాలను అలా తిప్పడమే నొప్పికి మూలమై ఉండవచ్చునండీ. అరమండిలో కాలు పక్కకు తిరగవలసింది తుంటి దగ్గర. తుంటి ఎంత తిరిగితే తొడ, మోకాలు, పాదం అంతే తిరిగి ఒకే దిక్కును చూడాలి. తుంటి తిరగనంత మేర పాదాలను నేల మీద బిగబట్టి తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా ముడిచి చాచడానికి ఏర్పడిన కీలు, ఆ మెలికను అది ఎక్కువ కాలం ఓర్చుకోలేదు. అద్దం ముందు అరమండిలో కూర్చుని, మోకాలిచిప్ప పాదం రెండో వేలి వైపు ఉందో లేదో గమనించండి. బొటనవేలికి లోపలగా వాలుతుంటే పాదాలను కొంత ముందుకు తిప్పి, నాలుగు వేళ్ళ ఎత్తు పైకి లేచి సాధన చేయండి. తుంటి ఎముకల అమరిక మనిషికీ మనిషికీ మారుతుంది కనుక పక్కనున్న అమ్మాయి కూర్చున్నంత లోతు మీకు రాకపోతే అది లోపం కాదు. ఈ మాట మీ గురువుగారితో మర్యాదగానే, దాచకుండా చెప్పండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
మీరు ఏ నేల మీద ఆడుతున్నారో కూడా చూసుకోండి. గ్రానైటు, సిమెంటు నేలలు పాదం తట్టిన దెబ్బను ఇముడ్చుకోవు. కింద ఖాళీ వదిలి పరచిన చెక్క నేల చాలా నయం. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా సాధన ఆపి ఎముకల వైద్యుడికి చూపించండి.

జవాబు (యక్షగాన నటుడు):
సత్యభామ గర్వాన్ని మీరు అడుగుల జోరులో వెతుకుతున్నట్టున్నారు. నాకు తెలిసినంతలో అది నడక నిదానంలో, మెడ నిలుపులో, జడను చేతిలోకి తీసుకునే తీరులో, ఎదుటివారిని ఒక్క క్షణం ఆలస్యంగా చూసే చూపులో ఉంటుంది. స్త్రీ పాత్రలకు పేరుపొందిన కూచిపూడి నటుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ దృశ్యాలు దొరికితే, మొదటిసారి పాదాలను వదిలేసి నడుము పైభాగాన్ని మాత్రమే చూడండి. మన సంప్రదాయంలో పాత్రధారి తానే మాట్లాడి పాడుతాడు కనుక జతి ముగిసేసరికి మాటకు సరిపడా ఊపిరి మిగలాలి. నొప్పిని బిగబట్టుకుని ఆడేవారికి ఆ ఊపిరి మిగలదు, ముఖంలో భావం కూడా నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
అద్దంలో చూశాను, కుడి మోకాలు లోపలికే వాలుతోంది. వచ్చే నెల తరంగం (ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే అంశం) మొదలుపెట్టాలి. వాయిదా వేయమంటారా?

జవాబు (నాట్య శిక్షకురాలు):
తప్పకుండా వాయిదా వేయండి. పళ్ళెం అంచుల మీద పాదాలు బిగిసి ఉంటాయి కనుక మోకాలు వాలితే పాదం తిప్పి సర్దుకునే వీలుండదు. నొప్పి లేకుండా నేల మీద మూడు కాలాలూ వేయగలిగాకే పళ్ళెం ఎక్కండి.