సెల్లార్ గోడ పగులు: ఎపాక్సీనా, పీయూనా?

కొర్లగుంట_ఓనరు:
తిరుపతిలో ఇల్లు. సెల్లార్‌ది 200 మి.మీ. కాంక్రీటు గోడ, నిలువుగా 2 మీటర్ల పగులు, వెడల్పు 0.4 మి.మీ. వాన పడితే చెమ్మ. ఒకాయన ఎపాక్సీ (గట్టిపడే జిగురు రెజిన్) అంటాడు, ఇంకొకాయన పీయూ (పాలీయురేథేన్) గ్రౌటింగ్, అంటే పగుల్లోకి మందు ఎక్కించడం. మేస్త్రేమో ‘చెక్కి సిమెంటు పెట్టేస్తా సార్’ అంటున్నాడు. ఏది నిలుస్తుంది?

సైట్_ఇంజనీరు:
ఎపాక్సీనే. గోడ మళ్లీ ఒక్కటవుతుంది. మట్టిని ఆనుకున్న కాంక్రీటుకు ఐఎస్ 456 (మన దేశపు కాంక్రీటు ప్రమాణం) ఒప్పుకునే పగులు వెడల్పు 0.2 మి.మీ., మీది దానికి రెండింతలు. పగులుకు 100 మి.మీ. పక్కన 45 డిగ్రీల వాలుగా డ్రిల్ వేస్తే గోడ సగం లోతులో పగులును తాకుతుంది. ఆ రంధ్రాల్లో ప్యాకర్లు (రెజిన్ ఎక్కించే చిన్న గొట్టాలు) ఒకటి ఎడమ, ఒకటి కుడి. కింద నుంచి ఎక్కించుకుంటూ, పై ప్యాకర్లో రెజిన్ కనబడ్డాకే పైకి పోవాలి.

గ్రౌటింగ్_పని:
నవంబరులో ఆ మాట చెప్పొద్దన్నా. తడి పగుల్లో మామూలు ఎపాక్సీ సరిగా పట్టదు. డ్రిల్ దుమ్మును నీళ్లతో కడిగినా తడే, నూనె రాని కంప్రెసర్ గాలితో ఊదాలి. నీళ్లు కారేచోట పీయూనే, నీరు తగిలితే నురుగులా పొంగి మూసేస్తుంది.

సైట్_ఇంజనీరు:
ఎండాకాలంలో ఆ నురుగు కుంచించుకుంటే? నురుగు నీళ్లు ఆపేందుకే తమ్ముడూ. వెనకాలే సాగే పీయూ రెజిన్ రెండో విడత పడాలి. కొటేషన్‌లో అదుందో లేదో ఓనరు గారు చూసుకోవాలి.

గ్రీమ్స్‌పేట_చిత్తూరు:
మందు మీద కొట్లాట సరే, పగులు కదులుతోందా అని ఒక్కరూ అడగలేదే! రెండు పక్కలా ప్లస్ గుర్తులు పెట్టి, మధ్య దూరం నెలకోసారి వెర్నియర్‌తో కొలవండి. కదిలే పగుల్లో ఎపాక్సీ నింపితే దాని పక్కనే కొత్తది చీలుతుంది. అదే అడ్డ పగులై గోడ లోపలికి ఉబ్బితే మట్టి నెడుతున్నట్టు, రెజిన్‌తో పోదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే. ఇంతకీ పక్కన సంపు ఉందా? డాబా నీళ్ల పైపు ఎక్కడ దిగుతోంది?

కొర్లగుంట_ఓనరు:
సంపు గోడకు రెండడుగులే. పైపు కూడా ఆ మూలకే దిగుతుంది.

గ్రీమ్స్‌పేట_చిత్తూరు:
రాత్రి వాల్వులన్నీ కట్టేసి సంపులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. పొద్దున్నే గీత కిందికి దిగిందంటే ముందు సంపు పని. పైపును ఈ రోజే మళ్లించండి.

గ్రౌటింగ్_పని:
మేస్త్రి సిమెంటు పైపూతే, వెనక నీళ్లు నెడితే ఊడొస్తుంది. ఇంకో లెక్క: 2 మీ. × 200 మి.మీ. × 0.4 మి.మీ. అంటే పగుల్లో పట్టేది 160 మి.లీ. వృథాతో కలిపి కిలో అనుకోండి. 5 కిలోలు పోయిందంటే లోపల హనీకోంబ్ (కాంక్రీటులో బోలు గుల్లలు) ఉండాలి, లేదా మందు అవతలి మట్టిపాలు.

సైట్_ఇంజనీరు:
సంపు సంగతి తేలేదాకా డ్రిల్ ముట్టొద్దు, సరే. పగులు కదలకపోతే మాత్రం ఏప్రిల్ దాకా ఆగి ఎపాక్సీనే, నా మాట అదే.